కొళాయి దగ్గర పగిలిన తల

మా పిన్ని కూతురు మొన్న ఫోన్లో చుట్టాల గ్రూపుకి ఒక బొమ్మ పంపింది. వీధి కొళాయి, దాని ముందు వరసగా రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు, పక్కన లంగా జాకెట్టు వేసుకుని నవ్వుతున్న ఒక పిల్ల. కింద "ఆ తీపి రోజులు మళ్లీ రావు" అని రాసుంది. మా చుట్టాలంతా వరసపెట్టి దండాలు పెట్టారు, గుండెకాయలు పెట్టారు, ఒకాయనైతే కన్నీళ్లు కారుస్తున్న మొహాలు పెట్టాడు. ఆయన జన్మలో కొళాయి దగ్గర ఒక్క బిందె పట్టినవాడు కాదు. నాకు ఒళ్లు మండింది.

ఏం తీపి? ఎవరికి తీపి? అలాంటి కొళాయి దగ్గరే మా అమ్మ ఎదురింటి అత్త తల పగలగొట్టింది. ఆ అత్త మా అమ్మ కాలి వేలు విరగ్గొట్టింది. నా కింది పెదవి లోపల ఇప్పటికీ ఒక గట్టి ముడి ఉంది, నాలుకతో తడిమితే తెలుస్తుంది. అది కూడా ఆ రోజుదే. ఆ రోజులు నాకూ కావాలి, కాదనను. కాకపోతే నాకు కావలసింది ఆ నవ్వే పిల్ల కాదు. నాకు ఆ దెబ్బలు కావాలి.

తొంభైల నాటి మాట. తిరుపతిలో, కొండ కనిపించేంత దగ్గరగా, ఆటో తిరిగితే గోడ గీసుకునేంత ఇరుకు వీధి మాది. నాయన కొండ మీద ఒక హోటల్లో వంటమాస్టరు. వారానికోసారి బస్సు దిగి వచ్చేవాడు, ఒంటి నిండా సాంబారు వాసనతో. ఇంట్లో అమ్మా, నేనూ, నాయన వాళ్లమ్మ, అంటే మా అవ్వ. ఎదురింట్లో అత్త, ఆటో నడిపే మామ, వాళ్ల కూతురు అక్క. చుట్టరికం ఏమీ లేదు. ఎదురెదురు గుమ్మాలు కాబట్టి వరసలు అలా కుదిరిపోయాయి.

ఆ రోజుల్లో మా వీధిలో ఎవరి చెయ్యీ ఊరికే ఉండేది కాదు. బళ్లో అయ్యవారు చింతబరికెతో కొట్టేవాడు, అమ్మ గరిటె కాడతో కొట్టేది. మగపిల్లల గోలీలాటలో ఓడినవాడు పిడికిలి నేలకు ఆనిస్తే, గెలిచినవాడు కణుపులు వాచేదాకా గోలీతో కొట్టేవాడు. బొంగరం ఓడిపోతే ఆ బొంగరాన్ని మధ్యలో పెట్టి, మిగతావాళ్లంతా తమ బొంగరాల మేకులతో అది చీలేదాకా పొడిచేవాళ్లు. ఎదురింటి అత్త మధ్యాహ్నం పూట నన్ను మోకాళ్ల మధ్య నొక్కిపట్టి పేలు చూసేది. కదిలితే మొట్టికాయ, ఏడిస్తే ఇంకో మొట్టికాయ. పని అయ్యాక వేయించిన శనక్కాయలు గుప్పెడు చేతిలో పోసి, వీపు మీద ఒకటి చరిచి పంపించేది. మొట్టికాయ వేసిన తల మీద మళ్లీ చెయ్యి పెట్టి నిమిరే అలవాటు ఆమెకు లేదు. అయినా రోజూ నేనే పోయి కూర్చునేదాన్ని.

ఇక కొళాయి సంగతి. ఎండాకాలం వస్తే మూడు నాలుగు రోజులకోసారి వదిలేవాళ్లు, అదీ తెల్లారాక ఏదో ఒక వేళకి. అంతసేపు ఎవరు నిలబడతారు? అందుకని ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉండేది. మనిషికి బదులు అది వరసలో నిలబడేది. ఒకరిది అడుగు ఊడిన బకెట్టు, ఒకరిది సిమెంటు ఇటుక, ఒకరిది తెగిన రబ్బరు చెప్పు. అత్తది తుప్పు పట్టిన కిరసనాయిలు డబ్బా, దానికి ఎర్ర గుడ్డ పేలిక కట్టి ఉండేది. మాది రుబ్బురోట్లో తిప్పే పొత్రం. అమ్మ మిక్సీ కొనుక్కున్నాక పిండి రుబ్బడం మానేసింది. రోలు పెరట్లో కోళ్లు నీళ్లు తాగడానికి పనికొచ్చింది, పొత్రం వీధిలోకి వచ్చి వరసలో నిలబడింది. నీళ్లు పట్టుకున్నవాళ్లు తమ గుర్తును తీసుకుపోయి వరస చివర పెట్టాలి. ఇది ఎక్కడా రాసి లేదు. అయినా ఒకరి చెప్పును ఇంకొకరు జరిపితే ఆ పూట వీధిలో ఎవరింటా పొయ్యి వెలిగేది కాదు, అంతా అక్కడే ఉండేవాళ్లం కాబట్టి.

ఆ యేడు ఊరి అమ్మవారి జాతర వారంలో మా పొత్రం వరసలో మొదటికి వచ్చింది. కొళాయి పక్కన నిటారుగా, నున్నగా, నల్లగా నిలబడి ఉంది. జాతరకని పల్లెల నుంచి జనం గుంపులు గుంపులుగా మా వీధి గుండానే పోయేవాళ్లు. వేషాలు కట్టినవాళ్లు నోటికొచ్చిన బూతులు తిట్టుకుంటూ పోయేవాళ్లు, ఆ వారం అది మొక్కు. ఒక పొద్దున లేచి చూస్తే పొత్రానికి నిలువెల్లా పసుపు పూసి ఉంది. మధ్యలో పెద్ద కుంకుమ బొట్టు. నెత్తిన వేపమండ. ముందర అంబలి పోసి ఉంది, దానికి చీమలు పట్టాయి. మొక్కున్న ముసలమ్మ ఎవరో, వీధి చివర నిలబెట్టిన నల్లరాయిని చూసి అమ్మవారనుకుని చెయ్యాల్సిన మర్యాద చేసి పోయింది.

ఆ రోజు నీళ్లు వచ్చాయి. మొదటి వంతు మాదే, పట్టుకున్నాం. పట్టుకున్నాక పొత్రాన్ని తీసి చివర పెట్టాలి. అమ్మ వంగింది, వంగినది అలాగే ఆగింది. పసుపు పూసిన రాయిని బిందెల మధ్యలోంచి ఎలా దొర్లిస్తుంది? చెయ్యి వెనక్కి తీసుకుని కళ్లకద్దుకుంది. వరసలో ఉన్న ఆడవాళ్లు కూడా చెంపలేసుకున్నారు. మరుసటి రోజు ఎవరో కర్పూరం వెలిగించారు. దాంతో పొత్రం అక్కడే ఉండిపోయింది, మా వంతు కూడా దాంతో పాటే మొదట్లో ఉండిపోయింది. నీళ్లు ఎప్పుడొచ్చినా ముందు మాకే.

అమ్మ నిజంగా భయపడిందా, భయం పేరు చెప్పి నీళ్లు పట్టుకుందా అని నన్నడిగితే, రెండూ అంటాను. ఆ వేసవిలోనే అవ్వ గడప దగ్గర పడి తుంటి విరిగింది. మంచంలోనే అన్నీ. రోజుకి ఎన్ని గుడ్డలు తడిసేవో, ఇంట్లో ఆ వాసన ఎలా ఉండేదో నాకు తెలుసు. ఉతకడానికి నీళ్లు లేని రోజు అమ్మ ఆ గుడ్డల్ని పెరట్లో ఎండేసి, ఎండినవాటిని దులిపి మళ్లీ అవ్వ కింద పరిచేది. పరుస్తూ ఏడ్చేది. అవ్వ నడుము మీద పుండ్లు పడడం మొదలైంది. ఒక బిందె నీళ్లు ఎక్కువ దొరికితే ఆ రోజు అవ్వకి ఒళ్లు తుడిచినట్టు, లేకపోతే లేదు. అంత స్పష్టంగా ఉండేది లెక్క.

ఎదురింట్లో అక్క అత్తారింటి నుంచి పురిటికి వచ్చి ఆడపిల్లను కంది. బాలింతకి వేడినీళ్లు కావాలి, పసిబిడ్డకి స్నానం కావాలి, వాళ్ల గుడ్డలు వేరే. అత్త పొరుగు వీధి నుంచి కావిడితో తెచ్చేవాడిని బతిమాలి ఒకటి రెండు సార్లు పోయించుకుంది. తర్వాత వాడు రావడం మానేశాడు. బిడ్డకి ఒళ్లంతా చెమటకాయలు లేచి రాత్రీ పగలూ ఏడుపే. ఆ ఏడుపు మా ఇంట్లోకి వినపడేది, మా అవ్వ మూలుగు వాళ్ల ఇంట్లోకి వినపడేది.

ఆ రోజు వరసలో మా పొత్రం వెనకే ఎర్ర గుడ్డ కట్టిన డబ్బా ఉంది. పొత్రం కదిలే రాయి అయ్యుంటే అది అత్త వంతు. పొద్దెక్కాక కొళాయి దగ్గింది, నీళ్లొచ్చాయి. ధార చిటికెన వేలంత. ఒక ఇంటికి తప్ప ఇంకో ఇంటికి రావని చూడగానే అందరికీ తెలిసిపోయింది. అమ్మ కార్వేటినగరం పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందెతో ముందుకి నడిచింది. అత్త అడ్డం వచ్చి నిలబడింది.

"వొదినా, ఈ పొద్దు నన్ను పట్టుకోనీ. బాలింత ఉండాది ఇంట్లో. బిడ్డకి నీల్లు పోసి మూడు దినాలయింది."

"మా ముసిల్ది మలంలో పడుండాది వొదినా. నేను యాడికి పోవాల?"

"నీ వంతు ఎప్పుడో అయిపోయింది మే. ఆ రాయిని అడ్డం పెట్టుకోని వీది నీల్లంతా నువ్వే మోసకపోతాండావు."

"పసుపు నేను పూసినానా? ఎవురో పుణ్యాత్మురాలు పూసింది. నీకు దైర్నం ఉంటే తియ్యి. అమ్మోరే సూసుకుంటాది నిన్ను."

"అమ్మోరు బిందెలు పట్టుకుంటాందా? నువ్వు గదా పట్టుకునేది! నీ చేతులు ఇరిగిపోను!"

"నీ నోట్లో మన్ను బడ! జరగవే!"

అత్త జరగలేదు. వంగి రెండు చేతులతో పొత్రాన్ని ఎత్తింది. వరసలోని ఆడవాళ్లు అమ్మో అని వెనక్కి తగ్గారు. వేపమండ రాలిపోయింది. అత్త చేతులకీ రొమ్ముకీ పసుపంతా అంటుకుంది. బరువు ఆపలేక విసిరిందో, కావాలని విసిరిందో, ఆ రాయి వచ్చి అమ్మ కుడికాలి మీద పడింది. వేలు విరిగిన చప్పుడు నేను విన్నాను. అమ్మ అరవలేదు. ఇత్తడి బిందెను మెడ దగ్గర పట్టుకుని, ఒక్కసారి తిప్పి అత్త తల మీద కొట్టింది.

ప్లాస్టిక్ బిందె అయ్యుంటే ఏమీ అయ్యేది కాదు. పాపిట పక్కన చర్మం విచ్చుకుని రక్తం కంటి మీదికి, అక్కణ్ణుంచి గడ్డం మీదికి కారింది. అత్త దాన్ని తుడుచుకోలేదు కూడా. అమ్మ జుట్టు చేతికి చుట్టుకుని కిందికి లాగింది. ఇద్దరూ కాలవ పక్క బురదలో పడ్డారు. అమ్మ గోళ్లు అత్త మెడ మీద చారలు తీశాయి. అత్త మోకాలు అమ్మ పొట్టలో దిగింది. నేను ఊరుకోలేదు, వెళ్లి అత్త ముంజేతిని పళ్లతో పట్టుకున్నాను. నోట్లోకి పసుపూ ఉప్పూ కలిసిన రుచి వచ్చింది. అత్త మోచేత్తో విసిరికొడితే కొళాయి దిమ్మెకు మూతి తగిలి పెదవి చీలింది. నేను లేచి మళ్లీ వెళ్లాను. అమ్మ "సంపుతానే నిన్ను, సంపేస్తా" అంటోంది. ఆ మాట ఉత్తుత్తిదిగా అనిపించలేదు. బిందెను ఇంకోసారి ఎత్తింది కూడా. అప్పుడు ఎవరో వెనక నుంచి ఆ బిందెను లాక్కున్నారు.

అంతసేపూ కొళాయి కారుతూనే ఉంది. దాని కింద ఒక్క బిందె లేదు. రక్తం చూసి బెదిరిపోయిన ఆడవాళ్లలో ఒక్కరికీ ముందుకొచ్చి పట్టుకుందామని తోచలేదు. ఆ నీళ్లన్నీ దిమ్మె మీద పడి, పొత్రం మీది పసుపును కడిగి, కాలవలోకి పోయాయి. తర్వాత కొళాయి గాలి కక్కింది. రెండు చుక్కలు రాల్చి ఆగిపోయింది.

ఆ చప్పుడుకి ఇద్దరూ ఆగారు. అమ్మ చెయ్యి అత్త జాకెట్టు మీద, అత్త చెయ్యి అమ్మ జుట్టులో, తలలు మాత్రం కొళాయి వైపు తిరిగి ఉన్నాయి. ఎదురింట్లో బిడ్డ ఏడుస్తోంది. ఇంక మూడు నాలుగు రోజులు నీళ్లు లేవు.

ముందు అమ్మే లేచింది. కుంటుకుంటూ ఇంట్లోకి పోయి, అవ్వకి తాగడానికని దాచిన చెంబెడు నీళ్లూ కాఫీపొడి డబ్బా తెచ్చింది. అత్త పక్కన కూలబడి చెంబు వంచి ఆ గాయం కడగబోయింది. అత్త అమ్మ చెంప మీద ఈడ్చి కొట్టింది. చెంబులో నీళ్లు తొణికాయి.

"ఇంకోటి కొడుదువులే, తల మాత్రం కదిలించబాక" అంది అమ్మ.

అత్త ఇంకోటి కొట్టింది. తల మాత్రం కదిలించలేదు. అమ్మ గాయం కడిగి, కాఫీపొడి గట్టిగా అద్ది, తన చీర కొంగు చింపి కట్టింది.

కబురు తెలిసి మామ ఆటో వీధి మొగదల్లోనే వదిలేసి, చేతిలో ఇనుప రాడ్డుతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఎవురు కొట్టింది? సెప్పు, ఎవురు కొట్టింది?" అని కేకలు. వీధంతా మా అమ్మ మొహం చూసింది. అమ్మ తల దించుకుంది.

"అమ్మోరు కొట్టింది" అంది అత్త. "పసుపు పెట్టిన రాయిని ఇసిరేసినా. కొట్టదా మరి?"

"నాకు సెవుల్లో పూలు పెట్టబాక. ఈమెను టేసనుకి లాక్కపోతా సూడు."

"ఈమె టేసన్లో కూసుంటే సాయంత్రం వేరే వీదికి నీల్లకి నాతో ఎవురొస్తారు? నువ్వొస్తావా? సెప్పు, బిందె ఎత్తుకోని నువ్వొస్తావా?"

మామ రాడ్డు సీటు కింద పడేసి, అత్తను ఆటోలో ధర్మాసుపత్రికి తీసుకుపోయి కుట్లు వేయించుకొచ్చాడు. అమ్మ తన వేలికి పసుపు గుడ్డ చుట్టుకుని అవ్వ దగ్గర కూర్చుంది. అవ్వ దాహం అంటే మా ఇంట్లో ఆ మధ్యాహ్నం ఇవ్వడానికి మజ్జిగ తేట తప్ప ఏమీ లేదు.

పొద్దు వాలుతుండగా ఎదురింటి గుమ్మంలోంచి కేక వినపడింది. "ఏమ్మే, వస్తాండావా లేదా?" అత్త చంకలో బిందె, తలకి తెల్లటి కట్టు, దాని మీద ముసుగు. అమ్మ సొట్టపడ్డ ఇత్తడి బిందె ఎత్తుకుంది. నేను చిన్న బకెట్టు తీసుకుని వెంట నడిచాను. మా వీధికి రెండు వీధుల అవతల సాయంత్రం పూట నీళ్లు వదిలేవాళ్లు. అక్కడ మా గుర్తు ఏదీ లేదు, మాకు వరస లేదు, ఎవరూ తెలియదు. వెళ్లి నేరుగా కొళాయి కింద బిందె పెట్టింది అత్త.

అక్కడొక ఆడమనిషి ఉంది. భుజాలు చూస్తే బియ్యం మూటలు ఎత్తే మనిషి అనిపించింది. ఆమె అత్త బిందెను కాలితో తన్నింది. "ఏ వీది మే మీది? ఈడికెందుకొచ్చినారు? తలకాయలు పగులుతాయి జాగర్త" అంది.

అత్త ముసుగు తీసింది. కట్టు మీద రక్తం అట్టకట్టి నల్లబడి ఉంది.

"సూసినావా? ఇది సేసింది ఈమే. నేనెవురనుకుంటివి? ఈమెకి ఎదురిల్లు. ఈమె బిడ్డకి పేలు సూసేది నేను. నాకే ఇట్ల సేసిందంటే, మొగం తెలీని నీకు ఏం సేస్తాదో నువ్వే సూసుకో."

అందరూ అమ్మను చూశారు. అమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. ఇత్తడి బిందెను ఈ చంక నుంచి ఆ చంకకి మార్చింది, అంతే. అయినా ఆ భుజాల మనిషి ఊరుకునే రకం కాదు. అత్తను రొమ్ము మీద తోసింది. ఆ తోపుకి అత్త వెనక్కి పడేలోపు అమ్మ ఆ మనిషి కొప్పు పట్టుకుంది. వేలు విరిగిన కాలితోనే ఆమె పాదం తొక్కింది, తొక్కి తనే కెవ్వున అరిచింది. అత్త బిందెతో ఆమె నడుము మీద ఒకటి వేసింది. నేను ఖాళీ బకెట్టు గిర్రున తిప్పుతూ దగ్గరికి వచ్చినవాళ్ల మోకాళ్లు చూసి కొట్టాను. ఒక పెద్దావిడ వచ్చి, "పట్టుకోని సావనీండి, వీల్లు మనుసులు కాదు" అని మమ్మల్ని విడదీసేదాకా అలా సాగింది. బిందెలు రెండూ నిండాయి, నా బకెట్టూ నిండింది.

మా వీధిలోకి వచ్చాక కొళాయి దిమ్మె మీద నీళ్లన్నీ దించి పంచుకున్నారు. అత్త బిందె ఆమె ఇంట్లోకి పోయింది. కాసేపటికి బిడ్డ గుక్కపట్టి ఏడ్చి, తర్వాత ఒక్కసారిగా ఊరుకుంది. నీళ్లు పోసి పడుకోబెట్టినట్టున్నారు. అమ్మ ఒక్కతే అవ్వను లేపలేక అవస్థ పడుతుంటే, అడక్కుండానే అత్త లోపలికి వచ్చింది. మంచం తలాపున కూర్చుని అవ్వ చంకల కింద చేతులు పెట్టి ఎత్తి, తన రొమ్ముకి ఆనించుకుంది. అవ్వకి చూపు సరిగ్గా ఆనదు. తడిమి తడిమి అత్త తల మీది కట్టు పట్టుకుంది.

"ఎవురమ్మా? తలకేమయింది?"

"కొళాయి కాడ జారి పడినా పెద్దమ్మా."

"బద్రం బిడ్డా. ఆడికి వచ్చే ఆడోల్లు మంచోల్లు కాదు" అంది అవ్వ.

అమ్మ ముందు నవ్వింది. ఆపుకోలేక చెంబు కింద పెట్టి మరీ నవ్వింది. అత్త కూడా నవ్వబోయి, కుట్లు లాగి, నొప్పికి ఏడుపు మొహం పెట్టి, ఖాళీగా ఉన్న చేత్తో అమ్మ వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బకి అమ్మ నవ్వు ఆగిపోయింది. మంచం కోడు పట్టుకుని తడి నేల మీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"సంపేసుందును గదే వొదినా. ఇంకోటి తగిలుంటే సచ్చిపోయుందువు గదే."

అత్త అవ్వ జారిపోకుండా ఇంకొంచెం పైకి లాక్కుని, ఆమె గడ్డాన్ని తన భుజం మీద సర్దింది.

"ఏడుపు తరవాత ఏడుద్దువు గానీ, నీల్లు పొయ్యి మే. ముసిల్దానికి సలేస్తాండాది."